బావులు తవ్వేవాళ్ళ బడి

ఉదయగిరిలో నా దగ్గర చదువుకున్న పిల్లలకు లెక్కలేదు. వాళ్ళలో ఎవరి గురించీ నాకు పీడకలలు రాలేదు. వచ్చినవల్లా మీసాలు నెరిసిన విద్యార్థుల గురించే. వాళ్ళు బావులు తవ్వేవాళ్ళు. కొత్త రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, ఎండాకాలం మొదలుకొని వానలు పడేదాకా, మా బడి వసారాలో వాళ్ళకోసం సర్కారు ఒక క్లాసు నడిపింది. రాతిలో మందు దట్టించి పేల్చడం ఎలాగో నేర్పే క్లాసు అది.

నవ్వు తెప్పించే సంగతేమిటంటే, వాళ్ళు ఊహ తెలిసినప్పటినుంచీ చేస్తున్న పని అదే. ఆ ప్రాంతంలో పైన జానెడు మట్టి ఉంటుంది, కింద అంతా రాయి. నీళ్ళు కావాలంటే రాయిని పగలగొట్టుకుంటూ దిగాల్సిందే. వాళ్ళ తాతలు సమ్మెటలతో దిగారు, వీళ్ళు పేలుడు మందుతో దిగుతున్నారు. ఇప్పుడు సర్కారు ఒక రూలు పెట్టింది. ఇకమీదట డిపోలో తూటాలు లైసెన్సు ఉన్నవాడికే ఇస్తారు. లైసెన్సు కావాలంటే క్లాసుకు రావాలి, నియమాల కాగితం చదవగలగాలి, ఆఖర్న ఆఫీసరు ముందు పేల్చి చూపించాలి. అది లేనివాడు నిన్నటిదాకా ఎంత పెద్ద మేస్త్రి అయినా రేపు ఇంకొకడి కింద కూలీయే.

పని నేర్పడానికి పటాలం నుంచి వచ్చిన మాస్టరు ఒకాయన ఉండేవాడు. యుద్ధంలో వంతెనలు పేల్చాడని చెప్పుకునేవారు. ఆయన మాట్లాడితే పక్క వీధిలో కుక్కలు లేచేవి. తుపాకుల మోతకు ఆయన చెవులే సగం పోయాయని నాకు మొదటి రోజే తెలిసిపోయింది గానీ, మాస్టరు చెవుల్ని పరీక్షించే రూలు ఎక్కడా లేదు. చదువు చెప్పే పని నాకు అప్పజెప్పారు. బడి పిల్లలు ఇళ్ళకు వెళ్ళాక, సాయంత్రం దాకా నా క్లాసు. ఆడదాన్ని, అప్పటికి నాకు పెళ్ళి కూడా కాలేదు. నా ముందు తలపాగాలు తీసి కింద కూర్చోవడానికి వాళ్ళకు సిగ్గు. వాళ్ళ సిగ్గు చూస్తే నాకు ఒళ్ళుమంట.

పెద్దవాళ్ళకు చదువు చెప్పడం పిల్లలకు చెప్పినట్టే అనుకుని వెళ్ళాను. పిల్లలు అర్థం కాకపోతే దిక్కులు చూస్తారు, గోల చేస్తారు, మనకు తెలిసిపోతుంది. వీళ్ళు అన్నిటికీ తల ఊపేవాళ్ళు. అర్థమైందా అంటే అందరూ ఒక్క గొంతుతో "ఆ" అనేవాళ్ళు. పాఠం చెప్పేవాళ్ళను తిరిగి అడగడమంటే ఎదురు చెప్పినట్టని వాళ్ళ లెక్క. మర్యాదస్తులు, నిజమే. కానీ మందు ముట్టించే వత్తి ఎంత పొడవు కోయాలో అర్థం కానివాడు మర్యాదకు తల ఊపితే ఏమవుతుందో తలుచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు. ఒకరోజు కావాలనే తప్పు చెప్పాను. వత్తి ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిదన్నాను. అందరూ "ఆ" అన్నారు. పలక నేలకేసి కొట్టి, నేను చెప్పింది వింటే రేపు మీ పెళ్ళాలు బొట్లు తుడుచుకోవాలని అరిచాను. వసారా అంతా చల్లబడిపోయింది. ఒక్కడూ తల ఎత్తలేదు.

బావుల పని జరిగే చోట చావు మాట ఎత్తకూడదని నాకప్పుడు తెలియదు. నా గొంతుకే వాళ్ళు అదిరారనుకున్నాను. నియమాల కాగితంలో మరణం అన్న మాట రెండు చోట్ల ఉండేది. చదువు వచ్చాక కూడా వాళ్ళు ఆ మాట దగ్గరకు రాగానే ఆగి, గుటక మింగి, దాన్ని దాటేసి తరువాతి మాట అందుకునేవాళ్ళు. అందరూ కలిసి బిగ్గరగా చదువుతున్నప్పుడు ఆ చోట వసారా అంతా ఒక్కసారి నిశ్శబ్దమయ్యేది. ఆ నిశ్శబ్దం నాకు అలవాటు కాలేదు. ఇప్పటికీ కాలేదు.

పలకలతో మాకు పొసగలేదు. సమ్మెటలు పట్టి పట్టి వాళ్ళ వేళ్ళు కాయలు కాచి ఉండేవి, బలపం పట్టుకుంటే పుటుక్కున విరిగేది. విరిగిన బలపాలు చూసి వాళ్ళలో వాళ్ళే నవ్వుకుని, రేపటినుంచి రామని లేచిపోయే రకంగా ఉన్నారు. ఆ చేతుల్లో ఉలి ఎంత ఒద్దికగా ఉంటుందో పగలు చూసినదాన్ని కాబట్టి, బడి వెనక పడి ఉన్న బండల దగ్గరకు తీసుకెళ్ళి, మీ ఉలులతో అక్షరాలు చెక్కమన్నాను. అంతే. పది రోజుల్లో పట్టుబడని అక్షరం ఒక్క పూటలో పట్టుబడింది. చెక్కేటప్పుడు నోళ్ళు కూడా తెరుచుకున్నాయి. "ఈ సున్నా ఎందుకుండాది ఈడ?" అని అడిగాడు ఒకడు, నా ముఖం చూడకుండా, బండనే చూస్తూ. నన్ను వాళ్ళడిగిన మొదటి ప్రశ్న అది. ఆ పూట నేను అన్నం ఎక్కువ తిన్నాను.

వాళ్ళలో ఒకాయన కొండాపురం వైపు మనిషి. అందరూ కొండాపురం మేస్త్రి అనేవాళ్ళు. నలభై దాటినవాడు, పొడుగరి, నోట్లోంచి మాట ఊడిపడని రకం. భార్యతో కలిసి వచ్చి కొండ కింద గుడిసె వేసుకున్నాడు. ఆమె రోజూ సంగటి గిన్నె ఎత్తుకుని వచ్చి, క్లాసు ముగిసేదాకా వసారా కింద వేపచెట్టు నీడలో కూర్చునేది. ఆమె నోరు మాత్రం ఇద్దరికి సరిపడా ఉండేది. అతని తోడల్లుడు కూడా అదే క్లాసులో, ఎప్పుడూ అతని పక్కనే కూర్చునేవాడు.

కొండాపురం మేస్త్రి చదువులో గట్టివాడు. అయితే ఒక వింత కనిపించింది. నేను వాళ్ళ వైపు తిరిగి మాటలు చెప్పి రాయిస్తే ఒక్క తప్పు పోనిచ్చేవాడు కాదు. నల్లబల్ల వైపు తిరిగి చెబితే అతను వసారాలోకి తెచ్చుకున్న బండముక్క మీద ఒక్క అక్షరం పడేది కాదు. మొదట పొగరనుకున్నాను. ఒకరోజు పరీక్ష పెట్టాను. వాళ్ళకు ఎదురుగా నిలబడి, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పాను. అందరూ చెక్కారు. అతను ఉలి పట్టుకుని నా కొంగు వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపులో ఉన్నది భయం.

క్లాసు అయ్యాక అతన్ని ఆగమన్నాను. భార్య చెట్టు కింద నుంచి లేచి వచ్చింది. అతను నా పెదాల వైపు, ఆమె నా కళ్ళ వైపు చూశారు. నేను అడగక ముందే ఆమె చెప్పేసింది. చెవులు పోయి శానా కాలమైందట. మందు మోతలకు మెల్లమెల్లగా పోయాయట. తోడల్లుడికి తెలుసు, ఇంకెవరికీ తెలియదు. మాస్టరుకు తెలిస్తే పేరు కొట్టేస్తాడు.

"మరి ఎన్ని పేలినాయో ఎట్టా తెలుస్తుంది?" అని అడిగాను.

"కాళ్ళతో ఇంటాడమ్మా," అంది ఆమె.

ఆ మాట అర్థం కావాలంటే వాళ్ళ పని తెలియాలి. బావి అడుగున రాతిలో వరసగా బెజ్జాలు కొట్టి, తూటాలు దట్టించి, ఒక్కోదానికి ఒక్కో పొడవు వత్తి పెడతారు. పైన ముళ్ళకంప కప్పుతారు, రాళ్ళు ఎగరకుండా. వత్తులు ముట్టించి పైకి ఎక్కి పరిగెత్తుతారు. అవి ఒకటి తరువాత ఒకటి పేలుతుంటే లెక్కపెట్టుకోవాలి. లెక్క సరిపోతే దిగొచ్చు. ఒక్కటి తగ్గినా ఆ పూటకు దిగకూడదు, ఎందుకంటే ఆ ఒక్కటీ లోపల బతికే ఉంది. లెక్క కుదిరాక మొదట దిగేది మేస్త్రి. వత్తి ముట్టించినవాడే ముందు దిగాలి, వాడు తిరిగొచ్చి రమ్మంటేనే మిగతావాళ్ళు దిగాలి. అది ఏ కాగితంలోనూ లేదు, కానీ ఆ ఆచారం తప్పిన మేస్త్రి కింద ఎవరూ పనిచేయరు.

కొండాపురం మేస్త్రి పేల్చే ముందు చెప్పులు విడిచి, ఉత్త కాళ్ళతో బండ మీద నిలబడేవాడు. భూదేవికి మొక్కుతున్నాడని తోటివాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. అతను మొక్కడం లేదు, లెక్కపెడుతున్నాడు. అడుగున పేలిన ప్రతి దెబ్బా రాతిలోంచి వచ్చి అతని అరికాలికి తగిలేది. ఉదయగిరిలో చెవులున్నవాళ్ళకు ఇంకో తిప్పలుండేది. ఎదురుగా కొండ. ఇక్కడ ఒకటి పేలితే కొండ దాన్ని తిరిగి పలికేది, రెండు పేలినట్టు వినపడేది. మా వాళ్ళకు ఆ తేడా తెలుసు. కొత్తవాళ్ళు మోసపోయేవాళ్ళు.

ఆ రోజు భార్యాభర్తలు నా చేత ఒట్టు వేయించుకోలేదు. అతను మాత్రం చేతులు జోడించాడు. నాకు తండ్రి వయసు మనిషి. లైసెన్సు రాకపోతే అతని కింద పనిచేసే నాలుగు కుటుంబాలు చెదిరిపోతాయి. వస్తే, ఎప్పుడో ఒకరోజు... ఆ మాట నేను కూడా దాటేశాను. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, వాళ్ళ విషయంలో అది సామెత కాదు.

ఆ మర్నాటినుంచి నల్లబల్ల వైపు తిరిగి ఒక్క మాట చెబితే ఒట్టు. ముందు రాసి, తరువాత వాళ్ళవైపు తిరిగి చెప్పేదాన్ని. నియమాలన్నిటికీ బొమ్మలు గీశాను. ఎవరైనా మాట్లాడితే తోడల్లుడు అతన్ని మోకాలితో తట్టి చూపించేవాడు. మెల్లగా క్లాసులో అందరికీ తెలిసిపోయిందని నా అనుమానం, ఎందుకంటే ఎవరు మాట్లాడాలన్నా ముందు అతని ముఖం వైపు తిరగడం మొదలుపెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు. అంతమంది మొరటు మనుషులు ఒక గుట్టును అంత మెత్తగా మోయడం నేను మళ్ళీ చూడలేదు. మాస్టరుకు మాత్రం తెలియదు. ఆయన పాఠం చెప్పి చెప్పి విసుగొచ్చి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మీతో అనేవాడు. అప్పుడు వసారాలో ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. ఆయనకు అది వింతగా ఉండేది.

వానలు పడతాయనగా పరీక్ష పెట్టారు. దానితో పాటు బూట్లు వచ్చాయి. గోనెసంచుల్లో, నల్లవి, ఇనుప మేకులు కొట్టినవి. ఆఫీసరు ముందు అందరూ బూట్లు తొడిగే పేల్చాలని రూలట. మాస్టరు ముఖం వెలిగిపోయింది. మా వాళ్ళకు మొదట సంబరం, తరువాత ఏడుపు. జీవితమంతా రాళ్ళ మీద నడిచి చేటల్లా విచ్చుకున్న పాదాలు అవి. తొడిగినవాడు తొడిగినట్టే కూలబడ్డాడు. ఒకాయన బూట్లను మెడలో వేలాడేసుకుని ఊరంతా తిరిగి పెళ్ళానికి చూపించాడు.

కొండాపురం మేస్త్రి బూట్లు తొడిగి, బండ మీదకు వెళ్ళి నిలబడ్డాడు. ఆ రోజు వేరేవాళ్ళు పేలుస్తున్నారు. అయిపోయాక నా దగ్గరకు వచ్చాడు. తనంతట తాను నాతో మాట్లాడింది అదే మొదటిసారి.

"కాళ్ళకి కూడా చెవుడొచ్చినట్టు ఉండాది టీచరమ్మా," అన్నాడు.

నేను మాస్టరు దగ్గరకు వెళ్ళి బూట్లతో వాళ్ళు కొండ ఎక్కలేరు, పరిగెత్తలేరు, పరీక్ష నాటికి వదిలేయండని అడిగాను. ఉత్త కాళ్ళతో పని చేసేది నాటు కూలీలు, వీళ్ళు లైసెన్సుదారులు కాబోతున్నారు, అన్నాడాయన. నా చెవులకు కూడా చిల్లులు పడేలా అన్నాడు. ఆఫీసరు వచ్చేటప్పటికి ఒక్కరి కాలికి బూటు లేకపోయినా పరీక్షకు నిలబెట్టనన్నాడు. ఇక వేరే దారి వెతికాం. పేల్చేటప్పుడు తోడల్లుడు పక్కనే నిలబడతాడు. పేలినప్పుడల్లా భుజం తడతాడు. భార్య కూడా సరేనంది. అయినా ఆ పూట సంగటి గిన్నె అలాగే మూతపెట్టి వెనక్కి తీసుకెళ్ళింది.

పరీక్ష రోజు ఆఫీసరు జీపులో వచ్చాడు. కుర్రవాడు, మంచివాడే. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ప్రతిదానికీ హుషారు. సగం తవ్విన బావి ఒకటి ఊరి బయట ఉంది, అడుగుకు దిగడానికి పక్కనే వాలుదారి. ఒక్కొక్కరే వచ్చి కాగితం చదవాలి, నాలుగు బెజ్జాలు పేల్చాలి. చదివేటప్పుడు తడబడితే అందించడానికి నన్ను అక్కడే ఉండమన్నారు. కొండాపురం మేస్త్రి కాగితం తడబడకుండా చదివాడు. ఒకచోట ఆగాడు, దాటేశాడు. ఆఫీసరు అది గమనించలేదు. బాగా చదివావన్నాడు. ఆ మెప్పును అతను ఆఫీసరు పెదాల మీద చదువుకుని నా వైపు చూశాడు. ఆ క్షణం నాకు ఎంత గర్వం వేసిందో చెప్పలేను.

తరువాత ఆఫీసరు ఒక మాట అన్నాడు. ఎవరి పరీక్ష వారిదే, మిగతావాళ్ళంతా గట్టు వెనక్కి వెళ్ళాలి. తోడల్లుడు కదలలేదు. మాస్టరు అరిచాడు. తోడల్లుడు నా వైపు చూశాడు, నేను ఆఫీసరు వైపు చూశాను. తోడుగా ఒకరుంటే నయం కదండీ అన్నాను. లైసెన్సు ఇద్దరికీ కలిపి ఇవ్వం కదమ్మా అని నవ్వాడు ఆఫీసరు. అందరం గట్టు వెనక్కి వెళ్ళాం. ఆఫీసరు మాత్రం గట్టు మీద, మాకు ముందుగా నిలబడ్డాడు.

మేస్త్రి వత్తులు ముట్టించి, వాలు ఎక్కి, ఆ బూట్లతో కుంటుకుంటూ పరిగెత్తి వచ్చి బండ చాటున నిలబడ్డాడు. మాకూ అతనికీ మధ్య బాగా దూరం ఉంది. మొదటిది పేలింది, కంప ఎగిరింది. కొండ పలుకును మింగేస్తూ రెండోది పేలింది. అతను వంగి కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. మూడోది పేలింది, ఈసారి కొండ పలకడం విడిగా వినపడింది. అంతే, నిశ్శబ్దం. నాలుగోది లేవలేదు.

ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. కొండ పలికినదాన్ని ఆయన నాలుగోది అనుకున్నాడు. చేయెత్తి, భేష్, దిగు, చూపించు అన్నట్టు బావి వైపు సైగ చేశాడు. మేస్త్రి ఆ నవ్వు ముఖాన్ని చూశాడు, ఆ చేతిని చూశాడు. అంత పెద్ద ఆఫీసరే దిగమంటే లెక్క సరిపోయిందనుకున్నాడు. వెనక్కి తిరిగి వాలుదారి వైపు నడిచాడు. వత్తి ముట్టించినవాడే ముందు దిగాలి.

అందరూ అరిచారు. మాస్టరు గొంతు ఊరికంతా వినిపించి ఉంటుంది. తోడల్లుడు గట్టు దూకి పరిగెత్తాడు గానీ బూటులో కాలు మడతపడి బోర్లాపడ్డాడు. మేస్త్రి మాకు వీపు పెట్టి నింపాదిగా నడుస్తున్నాడు. వాలు మొదటికి వచ్చేశాడు. దూరంగా ఒక చెట్టు కింద కూర్చున్న అతని పెళ్ళాం లేచింది, ఆమెకు నోరు పెగల్లేదు.

చిన్నప్పుడు మా నాయన సజ్జచేలో మంచె మీద కూర్చుని పిట్టలు తోలినదాన్ని. గడ్డ విసిరితే తప్పేది కాదు. చేతికందిన మట్టిగడ్డ తీసుకుని గట్టు ఎక్కి విసిరాను. వీపు నడుమ తగిలింది. అతను గిర్రున తిరిగాడు. ముఖం నిండా కోపం. నన్ను చూశాడు. నేను రెండు చేతులూ అడ్డంగా ఊపి, మూడు వేళ్ళు చూపించి, నేల మీద పడుకున్నాను. అతనూ ఉన్నచోటే పడుకున్నాడు. నాలుగోది అప్పుడు పేలింది. రాయి ఒకటి లేచి అతను నడవబోయిన దారి మీద పడి ముక్కలయింది.

అతను బతికాడు. ఆ సంతోషం ఎంతసేపు ఉందో కూడా నాకు గుర్తులేదు. ఆఫీసరు గట్టు దిగి వచ్చి మొదట అడిగింది, ఇంతమంది అరిస్తే ఎందుకు ఆగలేదని. మేస్త్రి ఆయన పెదాల వైపే చూస్తూ నిలబడ్డాడు. మాస్టరు చెవికి చేయి అడ్డం పెట్టుకుని, ఏమంటున్నాడు, ఏమంటున్నాడు అని నన్ను అడిగి, సంగతి తెలిశాక, చెవిటివాడికి మందు ఇస్తే మనందరికీ ఉరే అని ఆఫీసరుతో చెప్పాడు. పేరు కొట్టేశారు. కొండ పలకడం, చప్పట్లు కొట్టడం, బూట్లు, ఏవీ లెక్కలోకి రాలేదు. నేను చెప్పాను. నా గొంతు పోయేదాకా చెప్పాను. ఆఫీసరు తల దించుకుని విన్నాడు, జీపెక్కి వెళ్ళిపోయాడు.

బూట్లు విప్పి, జతగా పెట్టి, మేస్త్రి నా ముందుకు వచ్చాడు. "ప్రాణం కాపాడినావు తల్లీ. ఇంగ దాంతో ఏం జేసుకోవాలో కూడా చెప్పు," అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

అతని మనుషులు తోడల్లుడి కిందకు వెళ్ళారు. తోడల్లుడు తన కింద పని ఇస్తానన్నాడు, మంచి మనసుతోనే. ఇతను పోలేదు. భార్యాభర్తలు మర్రిపాడు వైపు మెట్టల్లోకి వెళ్ళారని, లైసెన్సు లేని నాటుమందు ఎక్కడో కొని, ఎవరూ ఒప్పుకోని బావులు ఒప్పుకుంటున్నారని తెలిసింది. చూసి వచ్చినవాళ్ళు ఒక మాట చెప్పారు. అతను ఇప్పుడు కాళ్ళను నమ్మడం లేదట. ఆ పరీక్షతో నమ్మకం పోయిందట. చెప్పులు విడిచి నిలబడినా కళ్ళు మాత్రం పెళ్ళాం మీదే. ఆమె బావి ఒడ్డున నిలబడి, పేలినప్పుడల్లా తల ఊపుతుందట. ఆమె చూపిన లెక్కకే దిగుతాడట. వినగానే నాకు ఊరట కలిగింది. ఇద్దరూ కలిసి దారి కనుక్కున్నారనుకున్నాను.

తరువాత నన్ను ఆత్మకూరు బడికి మార్చారు. పెళ్ళయింది. కొన్నేళ్ళు గడిచాయి. సంత రోజు బడి వదిలి వస్తుంటే బస్టాండు దగ్గర ఆమె కనిపించింది. నడుం వంగింది, జుట్టు పండింది. రోడ్డు మధ్యలో మూట దించుకుని సర్దుకుంటోంది. సంగం వైపు నుంచి వడ్ల బస్తాల లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వస్తోంది. జనం అరుస్తూ పక్కకు తప్పుకున్నారు. ఆమె తల ఎత్తలేదు. నేను పుస్తకాలు పడేసి, రెక్క పట్టుకుని లాగాను. లారీ మూటను రాసుకుంటూ పోయింది.

ఆమె నన్ను గుర్తుపట్టింది. టీచరమ్మా అని నా చేతులు పట్టుకుని నవ్వింది. లారీ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను బాగున్నావా అన్నాను, ఆమె నా పెదాల వైపు చూసింది. ఆ చూపు నాకు తెలిసిందే.

కాఫీ హోటల్ అరుగు మీద కూర్చోబెట్టి అడిగాను. ఎదురుగా, మెల్లగా, పెదాలు కదిలేలా. ఎప్పటినుంచి అన్నాను. రెండు వానాకాలాలకు ముందు నుంచి అంది. అన్నేళ్ళు బావి ఒడ్డున, మోతకు అంత దగ్గరగా నిలబడితే ఏమవుతుందో మేమెవరమూ అనుకోలేదు. నేను అనుకోలేదు. మేస్త్రికి తెలుసా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"చెప్పబాక టీచరమ్మా. తెలిస్తే పని ఆపేస్తాడు. పని ఆగితే ఆ మనిషి బతకడు."

"మరి ఎన్ని పేలినాయో నీకెట్టా తెలుస్తుంది?"

ఆమె ఆ ప్రశ్నకు నవ్వింది. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"ఆయన నా మొకం చూస్తా ఉంటాడు గదా. నేను ఆయన మొకం చూస్తా."

నాకు ఏడుపు వచ్చింది, కోపం వచ్చింది. ఇవాళే చెప్పమన్నాను, లేకపోతే నేనే వస్తానన్నాను. నేను వేగంగా మాట్లాడేసరికి ఆమెకు ఏదీ అందలేదు. మర్రిపాడు లారీ కదులుతోందని ఎవరో చేయి ఊపితే మూట ఎత్తుకుని పోయి వెనక ఎక్కింది. అక్కడినుంచి గట్టిగా, తన గొంతు తనకు వినపడనివాళ్ళు మాట్లాడినట్టు, ఇప్పుడు దిగుతున్న బావిలో ఇంకా నీళ్ళు పడలేదని చెప్పింది.